గిరగిరా తిరిగే గద్దల గుంపుని ఎలా లెక్కపెడతారు?

నమస్తే అండీ. మేం న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ దగ్గర ఉంటాం. ఏప్రిల్‌లో దక్షిణ గాలి వీచిన రోజు ఉత్తరానికెళ్లే గద్దలు ఒంటారియో సరస్సు దాటడం ఇష్టంలేక ఒడ్డు వెంబడే తూర్పుకి మళ్లుతాయి, బ్రాడక్ బే దగ్గర వాటిని లెక్కపెట్టే వాలంటీర్లతో ఈ ఏడాదే చేరాను.

టర్కీ వల్చర్ అనే రాబందుతో బాధ లేదు, రెక్కలు పైకెత్తి తాగినవాడిలా ఊగుతుంది కాబట్టి దూరం నుంచే తెలిసిపోతుంది. నా తిప్పలన్నీ బ్రాడ్‌వింగ్డ్ హాక్‌లనే వెడల్పు రెక్కల గద్దలతోనే. పైకి లేచే వేడిగాలిలో వందకు పైగా ఒకేచోట తిరుగుతుంటే, నలభై దాకా వచ్చేసరికి అన్నీ కలిసిపోతాయి, చేతిలో నొక్కితే లెక్క పెరిగే క్లిక్కర్ ఉన్నా ఒకదాన్నే రెండుసార్లు నొక్కానేమోనని టెన్షన్. పైకెళ్లి వరుసగా జారేటప్పుడు లెక్కపెట్టమంటారు సీనియర్లు. అప్పటికి నాకవి చుక్కలే!

పదేసి చొప్పున లెక్కేస్తే తప్పా? 8×42 బైనాక్యులర్ సరిపోతుందా? మెడనొప్పికి కూడా ఏదైనా ఉపాయం చెప్పండి.