ఫీనిక్స్ నడిబొడ్డున ఫ్రీవే: అడ్డుపడినవాళ్లు ఊరికి మేలు చేశారా, కీడు చేశారా?

చాండ్లర్ శ్రీను:
అరిజోనాలో ఐ-10 ఇంటర్‌స్టేట్ హైవే మీద డౌన్‌టౌన్ ఫీనిక్స్ దాటేటప్పుడు వచ్చే టన్నెల్ మన అందరికీ తెలిసిందే. పపాగో ఫ్రీవే అనే ఆ ముక్కకు ప్లాన్ వేసింది 1960లలో. 1973లో జనం ఓటేసి వద్దన్నారు. 1975లో మళ్లీ ఓటేసి సరేనన్నారు. తీరా రోడ్డు తెరిచింది 1990 ఆగస్టులో. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ దాకా ఉన్న ఐ-10 మొత్తంలో ఆఖరున పూర్తయింది ఇదే. 1950లో లక్ష దాటిన ఫీనిక్స్ జనాభా 1990కి దాదాపు పది లక్షలైంది. అన్నాళ్లూ ఆ ట్రాఫిక్ అంతా సిగ్నళ్ల మధ్య నలిగింది. ఇళ్లు కొని కూలగొట్టిన స్థలాలు ఏళ్ల తరబడి బీళ్లుగా పడున్నాయి. మొదట్లోనే కట్టేసి ఉంటే ఖర్చూ తగ్గేది, బాధా తగ్గేది. నా మటుకు ఆ వ్యతిరేకత వల్ల ఊరు నష్టపోయింది. మీరేమంటారు?

రూజ్‌వెల్ట్ రో వాసి:
శ్రీను గారూ, మొదట్లో కట్టాలనుకున్నది ఇప్పుడున్న రోడ్డు కాదండీ. సెంట్రల్ అవెన్యూ దగ్గర నేల మీంచి దాదాపు 100 అడుగుల ఎత్తున వెళ్లే రోడ్డు. అంటే పది అంతస్తుల భవనం అంత ఎత్తు. దాని మీదికి ఎక్కడానికి, దిగడానికి మెలికలు తిరిగిన భారీ ర్యాంపులు, వాటికి 'హెలికాయిల్' అని పేరు పెట్టారు. అరిజోనా రిపబ్లిక్ పత్రిక యజమాని యూజీన్ పులియమ్ తన పేపర్లో దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఆ ఓటమి తర్వాతే డిజైన్ మారింది. రోడ్డు నేల కిందికి దిగింది, సుమారు అర మైలు మేర పైకప్పు పడింది, దాని మీద 1992లో పార్కు వచ్చింది. మాజీ మేయర్ మార్గరెట్ హాన్స్ పేరు పెట్టారు. ఇవాళ పిల్లల్ని తీసుకుని బర్టన్ బార్ లైబ్రరీకి వెళ్లి, అలా పార్కులోకి నడుస్తున్నాం. కింద లారీలు పోతున్న సంగతే గుర్తుండదు. 1973లో ఊరు తలూపి ఉంటే ఆ పార్కు ఉన్నచోట స్తంభాల నీడ ఉండేది.

హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే కింద బతికినవాళ్లకు దీని గురించి ఇంకా చెప్పక్కర్లేదు. అక్కడ అడ్రస్ అడిగితే పిల్లర్ నంబర్ చెబుతారు.

మైల్ రోడ్డు:
పార్కు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ చాండ్లర్‌లో ఇల్లు, ఊరికి ఉత్తరాన టీఎస్‌ఎమ్‌సీ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉన్నవాడి సంగతి చూడండి. జూలైలో 110 ఫారెన్‌హీట్ (43 సెల్సియస్) ఎండలో బస్టాపులో నిలబడమంటారా? 2023లో అలాంటి రోజులు వరసగా 31 వచ్చాయి. ఈ ఊళ్లో ఫ్రీవే విలాసం కాదు, అవసరం.

గచ్చిబౌలి టు గిల్బర్ట్:
@మైల్ రోడ్డు, బ్రదర్, ఇల్లు ఆ చివర, ఉద్యోగం ఈ చివర ఎందుకయ్యాయో కూడా చూడాలి కదా. 1985లో రోడ్ల కోసం డాలర్‌కి అర సెంటు సేల్స్ ట్యాక్స్‌కి కౌంటీ జనం ఓటేశాక 101, 202 ఫ్రీవేలు వచ్చాయి. రోడ్డు ఎటు పోతే ఇళ్లూ అటే పోయాయి. ఎండ గురించి మీరన్నది నిజం, కానీ ఆ తారూ కాంక్రీటూ పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతాయి. మన రాత్రులు చల్లబడకపోవడానికి అదీ ఒక కారణం.

రూజ్‌వెల్ట్ రో వాసి:
నాకు బాధగా ఉన్న విషయం ఇంకోటి. అడ్డుపడటం వల్ల ఫలితం వచ్చింది నిజమే, కానీ ఎవరు అడ్డుపడ్డారన్న దాన్ని బట్టి వచ్చింది. సెంట్రల్ అవెన్యూ పక్కన పాత పెద్ద ఇళ్లు, వాళ్ల వైపు ఊళ్లోకెల్లా పెద్ద పత్రిక. డౌన్‌టౌన్‌కీ సౌత్ ఫీనిక్స్‌కీ మధ్యలో మారికోపా ఫ్రీవే అంతకు ముందే వచ్చేసింది. నల్లజాతి, మెక్సికన్ కుటుంబాలను వేరేచోట ఇల్లు కొననివ్వని రోజుల్లో వాళ్లకు మిగిలిన ప్రాంతం అది. ఆ రోడ్డుకు పైకప్పూ లేదు, పార్కూ లేదు.

ఇక మన కళ్ల ముందు జరిగిందే చూడండి. 2019 డిసెంబర్‌లో తెరిచిన సౌత్ మౌంటెన్ ఫ్రీవే, 22 మైళ్లు. మనవాళ్లు చాలామంది రోజూ దాని మీదే వెళ్తారు. ఆ సౌత్ మౌంటెన్ కొండ ఇక్కడి ఆదివాసులైన ఓఓధమ్ ప్రజలకు పవిత్రం, వాళ్లు ముహదగి దోఅగ్ అంటారు. రోడ్డు మీ భూమిలో వేయనిస్తారా, బయట వేయమంటారా, అసలే వద్దంటారా అని 2012లో వాళ్ల గిలా రివర్ తెగ తన జనానికి ఓటు పెట్టింది. అసలే వద్దన్నదానికి ఎక్కువ ఓట్లు పడ్డాయి. రోడ్డు ఆగలేదు. వాళ్ల సరిహద్దుకు ఇవతల పెకోస్ రోడ్డు వెంట వేసి, కొండ పడమటి కొసన గుట్టల్ని తొలిచారు. కొండకు దక్షిణాన ఉన్న ఫీనిక్స్ పేట అవటూకీలో కొందరి ఇళ్లూ పోయాయి. తెగ, అవటూకీ జనం విడివిడిగా కోర్టుకెక్కారు, 2017లో అప్పీల్లోనూ ఓడిపోయారు. 1973లో వద్దన్నవాళ్లకు పార్కు దక్కింది, 2012లో వద్దన్నవాళ్లకు తొలిచేసిన కొండ మిగిలింది.

చాండ్లర్ శ్రీను:
ఆ తేడా కాదనలేను. అయితే ఆ రోడ్డు 1985 నాటి ప్లాన్‌లోనే ఉంది, అవటూకీలో చాలా ఇళ్లు ఆ తర్వాతే కొన్నారు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన పశ్చిమం వైపు జనం సంగతేంటి? లారీలు డౌన్‌టౌన్‌లోంచి పోకుండా పక్కకు మళ్లడానికి ఇప్పుడు దారి ఉంది కదా.

రూజ్‌వెల్ట్ రో వాసి:
ఆ జనాల అవసరం నిజమే శ్రీను గారూ. కానీ ప్లాన్ పాతదైతే కొండ మీద హక్కు రాదు. ఆ కొండ ప్లాన్ కన్నా ముందు నుంచే వాళ్లది.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుదాం. 2024 నవంబర్‌లో అదే అర సెంటు పన్నును ఇంకో 20 ఏళ్లు పొడిగించారు. 2004 నాటి ఓటులో ఫ్రీవేల వాటా 56 శాతం, ఈసారి సుమారు 40 శాతం. బస్సులు, రైలు వాటా 33 నుంచి 37కి పెరిగింది. పడమట ఐ-10కి సమాంతరంగా ఎస్‌ఆర్ 30 ఫ్రీవే కట్టాలన్న ప్లాన్ ఉంది. దాని మీటింగులకు మనం వెళ్లాలి. ఆ దారిలో ఉన్న కుటుంబాలు ఎన్ని, వాళ్లనెక్కడికి పంపుతారు, వద్దన్నవాళ్ల మాటకు డిజైన్‌లో ఏం మారుతుంది, ఇవి అడగాలి. వచ్చేవాళ్లు ఇక్కడ చెప్పండి, కలిసి వెళ్దాం.