బాపుకు కేన్సర్ అని చెప్పాలా, వద్దా?

హన్మకొండ చిన్నోడు: మా బాపుకు 76 ఏళ్లు. పాంక్రియాస్ కేన్సర్, కాలేయానికి పాకింది. కీమో తట్టుకోలేడన్నారు. మేం ఆయనకు అల్సర్ అని చెప్పాం. చెబితే ఆ రోజే మంచం పడతాడని అన్న అంటాడు. ఇంటికొచ్చి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ టీంలోని సోషల్ వర్కర్ మేడం మాత్రం, "ఆయనే అడిగితే నేను అబద్ధం చెప్పలేను" అంది. మేం వద్దన్నాక ఆమె అలా అనొచ్చా?

పాత కరణం: అనకూడదు. మా పెదనాన్నకు డాక్టర్ మొహమ్మీదే చెప్పాడు. ఆ పూట నుంచే ముద్ద దిగలేదు. పోయేవాడికి నిజంతో పనేంటి?

ఆలన బండిలో: నేను చేసేదీ ఆ మేడం పనే. మొహమ్మీద చెప్పడం తప్పే, ఒప్పుకుంటాను. మేం చెప్పం, ముందు అడుగుతాం: "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?" తెలుసుకోవాలని లేదంటే అక్కడితో ఆపేస్తాం. అదీ ఆయన హక్కే. ఒక తాత, భార్య చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే, "కేన్సరే కదా బిడ్డా, ముసల్దానికి చెప్పకు" అన్నాడు. గుమ్మం బయట ఆమె నాతో అన్నదీ అదే!

దాస్తే పోయేవి ఇంకా ఉన్నాయి. ఐసీయూలో వెంటిలేటర్ వద్దు, ఇంట్లోనే ఉంటానని ముందే రాసిపెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు, మేజిస్ట్రేట్ దాకా పోనక్కర్లేదు. అల్సర్ అనుకునే మనిషి ఆ కాగితం ఎందుకు రాస్తాడు?

పాత కరణం: కాగితం మాటెత్తితే భూమి కోసమే అనుకుంటాడమ్మా. మీకు పల్లె తెలియదు.

ఆలన బండిలో: తెలుసు కాబట్టే ఆ మాట కొడుకుల నోట రానివ్వం. అన్నట్టు, నొప్పికి మార్ఫిన్ ఇస్తున్నారా? మత్తుకు అలవాటవుతుందని మాత్రలు ఎగ్గొట్టకండి. నొప్పికి తగ్గ మోతాదులో డాక్టర్ రాసిస్తే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మందు కూడా అడగండి. నొప్పి తగ్గకుండా ఏ మాటా ఎత్తకండి, ఆయనకు వినే ఓపిక ఉండదు.

హన్మకొండ చిన్నోడు: రాత్రి పక్కన కూర్చుని, "ఏమన్న అడగాలని ఉందా బాపూ" అన్నాను. చాలాసేపు ఫ్యాన్ వైపు చూసి, "అల్సర్‌కు బండేసుకొని ఇంటికొచ్చి మందులిస్తర్రా?" అన్నాడు. నేనేం అనలేదు. చెయ్యి పట్టుకున్నాడు. అన్నకు ఇంకా చెప్పలేదు.