పంచాయతీ సామాన్లన్నీ ఆన్‌లైన్‌లోనే కొనాలని రూల్ పెడితే ఏం పోతుంది?

అమీర్‌పేట్ బ్యాచ్
మొన్న ఊరికి పోయినప్పుడు పంచాయతీ ఆఫీసులో పాత బిల్లుల ఫైలు తిరగేశాను. వీధిలైటు ఒక్కోటి రూ.1,850. అన్నే వాట్ల లైటు జెమ్ పోర్టల్‌లో రూ.1,100. తెలియనివాళ్లకు: జెమ్ అంటే కేంద్రం 2016లో పెట్టిన ఆన్‌లైన్ బజారు, ప్రభుత్వ ఆఫీసులు అందులో కొంటాయి. 2023 ఏప్రిల్‌లో పంచాయతీల లెక్కలు, చెల్లింపులు చూసే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌ను కూడా దానికి కలిపారు. అయినా మా ఊరికి మండల కేంద్రంలో ఒకే కొట్టు దిక్కు. ఫైల్లో మూడు కొటేషన్లున్నాయి. మూడు వేర్వేరు షాపుల లెటర్‌హెడ్లు, అంకెలు మాత్రం మూడింటిలోనూ ఒకే చేతిరాత. ఇంకేం కావాలి?

ఎలక్ట్రికల్స్ అన్న
నాదీ మండల కేంద్రంలో కొట్టే, పంచాయతీలకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నా. తమ్ముడూ, ఆ 1,100లో క్లాంపు ఉందా? వైరు ఉందా? సర్జ్ ప్రొటెక్షన్ ఎంత? పల్లెల్లో వోల్టేజీ ఎగిరితే మామూలు లైటు నెల తిరక్కుండా మాడిపోతుంది. అప్పుడు పోర్టల్‌కు ఫోన్ చేస్తావా? నేనైతే బండేసుకుని వచ్చి మార్చి పోతా. 2022లో ఎల్ఈడీ లైట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెంచారు, అది లెక్కేశావా?

అమీర్‌పేట్ బ్యాచ్
జీఎస్టీ రెండు చోట్లా పడేదే కదన్నా. క్లాంపు, వైరు కలిపి 750 అవుతాయా?

ఎలక్ట్రికల్స్ అన్న
సిమెంటు స్తంభానికో క్లాంపు, ఇనుప స్తంభానికో క్లాంపు. సామాను చేత్తో పట్టుకోని వాళ్లకు ఏం చెప్తాం.

నల్లరేగడి
కమీషన్ ఎవరి జేబులోకి పోతుందో ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు.

పాలమూరు మల్లన్న
2019-20లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు కొనిపించింది. మా ఊరికి అది కావాలా అని ఒక్కరూ అడగలేదు. కిస్తీలు మాత్రం పంచాయతీ డబ్బులోంచే కట్టాలి. చిన్న పంచాయతీలకు వచ్చే కాస్త డబ్బూ కిస్తీకి, డీజిల్‌కే సరిపోయేది. దాని ముందు లైటు లెక్కెంత?

అమీర్‌పేట్ బ్యాచ్
ట్రాక్టర్ సంగతి వేరే. నేను అడుగుతున్నది లైటు ధర.

జేపీఎస్ 2019
పంచాయతీ కార్యదర్శిని. ధర ఒక్కటే చూస్తే ఎలా సార్, డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో కూడా చూడాలి. 15వ ఆర్థిక సంఘం కింద 2021-26కు కేంద్రం ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలని షరతు. లైట్లకు మిగిలిన 40 శాతంలోంచి తీయాలి, లేదంటే రాష్ట్రం ఇచ్చేదీ ఇంటిపన్నూ. ఆ చెక్కు సబ్ ట్రెజరీకి, అంటే ప్రభుత్వ ఖజానా ఆఫీసుకు పోతుంది. ఫ్రీజింగ్ ఉందంటే, అంటే ప్రభుత్వం చెల్లింపులు ఆపేసిందంటే, అక్కడే పడి ఉంటుంది. జెమ్‌లో సరుకు అందిందని మేం ఒప్పుకున్నాక 10 రోజుల్లో డబ్బు కట్టాలని నిబంధన. మాకు ఎన్ని నెలలు పడుతుందో నాకే తెలియదు. రూ.1,100 లైటు మాకు ఎవరూ అరువివ్వరు. ఈ అన్న ఇస్తాడు. మిగతా 750 ఆ అరువుకే.

2024 ఫిబ్రవరి 1న సర్పంచ్‌ల గడువు అయిపోయింది. ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గానీ జరగలేదు. పాలకవర్గం లేదని కేంద్రం డబ్బు కూడా ఆగింది. ఆ రోజుల్లో బ్లీచింగ్ పౌడర్, ట్రాక్టర్ డీజిల్ మా కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నారు. అప్పుడు ఏ పోర్టల్ వచ్చింది?

ఎలక్ట్రికల్స్ అన్న
చూశావా తమ్ముడూ! నాకు ఇంకా నాలుగు పంచాయతీల నుంచి రావాలి. హోల్‌సేల్ వాడు నాకు అరువివ్వడు, నేనే వడ్డీకి తెచ్చి తిప్పుతున్నా. నన్ను దొంగ అంటున్నారు.

అమీర్‌పేట్ బ్యాచ్
దొంగ అనలేదు. వడ్డీని లైటు ధరలో కలిపి దొంగ కొటేషన్లు పెడుతున్నారు అన్నాను. రెండూ ఒకటి కాదు.

ఎలక్ట్రికల్స్ అన్న
నీలాంటోళ్లు హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని ఎన్నైనా చెప్తారు. దమ్ముంటే ఊరికొచ్చి ఒక్క నెల సర్పంచ్‌గా చెయ్.

మాజీ సర్పంచ్ (మహిళా రిజర్వేషన్)
నేను చేశాను, నన్ను అడగండి. అరువిస్తాం, అరువిస్తాం అని గొప్పగా చెప్తున్నారు. అరువు ఎవరికిచ్చారు? 2019లో గెలిచిన పదిహేను రోజులకు మోటారు కాలిపోయింది, ఊళ్లో నీళ్లు బంద్. మా మండలంలో ఒక కొట్టుకు పోతే కూర్చోమని కూడా అనలేదు, "పటేల్‌తో ఒక ఫోన్ చేయించమ్మా" అన్నాడు. పటేల్ అంటే నా మీద ఓడిపోయినాయన చిన్నాయన. చేయించాను, ఏం చేయను, జనం బిందెలు పట్టుకుని ఇంటి ముందుకొచ్చారు. ఆ రోజు నుంచి పంచాయతీకి చీపురు కొనాలన్నా ఆయన ఊఁ అనాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్ పవర్, అంటే చెక్కు మీద సంతకం పెట్టే అధికారం, నాకూ ఉపసర్పంచ్‌కూ కలిపి. ఉపసర్పంచ్ ఆయన మనిషి. కొట్టు బిల్లుకైతే సాయంత్రానికల్లా సంతకం. నేను సొంతంగా తెచ్చిన పైపుల బిల్లు ఏడాది ఆపారు. ఆ పైపులకు పుస్తెలతాడు కుదువ పెట్టాను. ఇంకా విడిపించలేదు. మీరు క్లాంపుల గురించి కొట్లాడుకోండి.

నల్లరేగడి
అక్కా, ఇది చదివి నోట మాట రాలేదు.

ఎలక్ట్రికల్స్ అన్న
అది నా కొట్టు కాదక్కా, నేనట్లా చేయను. కానీ హామీ అడగడం వ్యాపారం. రేపు మీరు దిగిపోతే నాకు డబ్బు ఎవరిస్తారు? 2024లో దిగిపోయినోళ్ల బిల్లులు ఎన్నాళ్లు పెండింగులో ఉన్నాయో చూశాం కదా.

మాజీ సర్పంచ్ (మహిళా రిజర్వేషన్)
నాకంటే ముందు చేసినాయన్ని హామీ అడిగేవారా?

ఎలక్ట్రికల్స్ అన్న
ఆయన ఎవరో నాకు తెలియదు. ఉదాహరణకు మా దగ్గర పాత సర్పంచ్‌కైతే రైస్ మిల్లుంది. అడగాల్సిన పని లేదు.

మాజీ సర్పంచ్ (మహిళా రిజర్వేషన్)
సరే. మీరే చెప్పారు.

అమీర్‌పేట్ బ్యాచ్
అక్కా, అందుకే జెమ్ అంటున్నాను. అక్కడ ఎవరూ పటేల్‌తో ఫోన్ చేయించమనరు.

జేపీఎస్ 2019
ఆర్డర్ పెట్టేటప్పుడు అనరు సార్. డబ్బు కదలాలంటే రెండో సంతకం కావాలి కదా. 10 రోజుల్లో కట్టకపోతే అక్కడి అమ్మకందారు ఫిర్యాదు పెడతాడు, నోటీసు సర్పంచ్ పేరు మీద నాకొస్తుంది. కొత్త సర్పంచ్‌లలో సగం మంది మహిళలే. మా ఊరావిడ మొన్న నన్ను అడిగిన మొదటి మాట, "ఏ కొట్టులో అరువు పుడుతుంది తమ్మీ?"

పాలమూరు మల్లన్న
ఏం చెప్పావు?

జేపీఎస్ 2019
ఉపసర్పంచ్‌ను అడగమన్నాను.