లాబ్రడార్ పిల్లను కొనాలి, ఈ ఇద్దరిలో ఎవరిని నమ్మాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా పాపకి పదేళ్ళు. రెండేళ్ళుగా కుక్కపిల్ల కావాలని అడుగుతోంది. ఈ దసరాకి తెస్తానని మాటిచ్చాను. లాబ్రడార్ అనుకున్నాం. ఊళ్ళో మా నాన్నగారి వాకిట్లో ఉండే కుక్క తప్ప నాకు కుక్కల గురించి ఏమీ తెలియదు.

హైదరాబాద్‌లో ఇద్దరు దొరికారు. మొదటాయన నంబరు ఆన్‌లైన్ ప్రకటనలో చూశాను. పిల్లకి 40 రోజులు, 9 వేలు, కేసీఐ పేపర్లు (వంశం చెప్పే కాగితాలట) కావాలంటే ఇంకో 5 వేలు. ఇంటికొచ్చి చూస్తానంటే "అంత దూరం మీకెందుకు సార్, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగండి, నేనే తెచ్చిస్తా" అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

రెండో ఆవిడది అల్వాల్. 28 వేలు. ఇప్పుడు పిల్లలు లేవట. తల్లి ఇంకో రెండు వారాల్లో ఈనుతుందట, ఆ తర్వాత రెండు నెలలు ఆగాలట. పైగా నన్నే ప్రశ్నలడిగారు. పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లా సొంతిల్లా, ఊరెళ్తే కుక్కని ఎక్కడ ఉంచుతారు అని. డబ్బిచ్చి కొనేది నేను, మళ్ళీ నాకే ఇంటర్వ్యూ ఏంటని కొంచెం కష్టమనిపించింది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు 1 (సికింద్రాబాద్ నుంచి)

అన్నా, మీకు కష్టమనిపించిన ఆ ప్రశ్నలు విన్నాకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. తన ఇంట్లో పుట్టిన పిల్ల ఎక్కడికి వెళ్తుందో తెలుసుకోవాలని ఉన్నవాళ్ళే అలా అడుగుతారు.

నేను 2013 నుంచి 2022 దాకా ఒక పశువైద్యుడి క్లినిక్‌లో అసిస్టెంటుగా పనిచేశాను. ఆదివారం కొన్న పిల్లలు గురువారం, శుక్రవారానికల్లా మా దగ్గరికి వచ్చేవి. తిండి మానేసి, వాంతులు, రక్తంతో విరేచనాలు. పార్వో అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు, దాని వాసన ఒకసారి తెలిస్తే తలుపు తీయగానే చెప్పేయొచ్చు. ఆ వైరస్ ఒంట్లోకి వెళ్ళిన నాలుగైదు రోజులకి గానీ లక్షణాలు సాధారణంగా బయటపడవు. అందుకే అమ్మేవాడి చేతిలో ఉన్నప్పుడు పిల్ల హుషారుగానే ఉంటుంది. "నేనిచ్చినప్పుడు బాగానే ఉంది సార్, మీరే ఏదో పెట్టారు" అనేస్తాడు. కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని వచ్చిన చిన్నపిల్లలు కౌంటర్ దగ్గర ఏడుస్తుంటే నేను ఎన్నిసార్లు లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నానో.

ఆ పనిలోకి రాకముందు నాకూ ఇలాగే జరిగింది. 2011లో 6 వేలు పెట్టి ఒక పిల్లను రోడ్డు పక్కన కారు డిక్కీ దగ్గర కొన్నాను. లక్కీ అని పేరు పెట్టాం. ఆరో రోజు పోయింది. అమ్మినవాడి ఫోన్ స్విచ్ఛాఫ్. పార్వో మట్టిలో నెలల తరబడి బతుకుతుందని, కడగడానికి బ్లీచింగ్ వాడాలని అప్పుడు నాకు తెలియదు. దాని గిన్నె, దుప్పటి దాచుకున్నాను, ఇంకో పిల్లకి పనికొస్తాయని. డాక్టరుగారు చెప్పాక కాల్చేశాను.

మీ మొదటాయన విషయానికొస్తే, 40 రోజుల పిల్లని అమ్మడమే తప్పు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు. ఈ వారాల్లో పిల్ల తల్లి పాలు మానడమే కాదు, ఆటలో ఎంత గట్టిగా కొరకొచ్చో తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటుంది. ముందే విడదీసిన కుక్కపిల్లలు పెద్దయ్యాక ఊరికే భయపడటం, ఇంట్లో పిల్లల చేతులు కొరకడం మేం చాలా చూశాం. ఇక 40 రోజులని చెప్పిందైనా నిజమో కాదో. నోరు తెరిచి చూడండి. రెండు నెలలకి దాదాపు 28 పాలపళ్ళు వచ్చి ఉండాలి. ముందు పళ్ళు మాత్రమే మొలిచి, వెనక చిగుళ్ళు నున్నగా ఉంటే అది నెల పిల్ల.

అన్నిటికంటే ముఖ్యం తల్లిని చూడటం. ఫోటోలో కాదు, ఆ ఇంట్లో, దాని పిల్లలతో. రింగ్ రోడ్డు దగ్గర ఇస్తానన్నవాడు దాచేది తల్లినే. మా క్లినిక్‌కి ఒకసారి అలాంటి తల్లిని ఎవరో వదిలేసి పోయారు. లాబ్రడారే. చన్నులు వేలాడి, పక్కటెముకలు లెక్కపెట్టేలా, మోచేతుల దగ్గర సిమెంటు నేల మీద పడుకుని కాయలు కాచి ఉన్నాయి. ఎద ప్రతి ఆరేడు నెలలకి వస్తుంది, వచ్చినప్పుడల్లా మగకుక్కతో కట్టించారు. నియమాల ప్రకారం ఏడాదిన్నర నిండకుండా కట్టించకూడదు, ఏడాదికి ఒక ఈత (కాన్పు), జన్మలో ఐదు ఈతలు దాటకూడదు. అందుకే అల్వాల్ ఆవిడని ఇది ఎన్నో ఈత, పోయిన ఈత ఎప్పుడు అని అడగండి. సరిగా పెంచేవాళ్ళకి తేదీతో సహా గుర్తుంటుంది. తల్లి మీ దగ్గరికి తోక ఊపుతూ వస్తుందా, మూలకి నక్కుతుందా కూడా చూడండి.

లాబ్రడార్లలో తుంటి కీలు సమస్య ఎక్కువ. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. ఆ ప్రశ్న అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర నేనైతే కొనను. టీకా కార్డులో మందు సీసా మీది స్టిక్కర్ అతికించి, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. ఒకే పెన్నుతో మూడు తేదీలు రాసిన కార్డులు మాకు బోలెడు వచ్చేవి.

కేసీఐ పేపర్ల గురించి చాలామంది పొరబడతారు. అది చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశావళి. తల్లిదండ్రులెవరో చెప్తుంది, ఆరోగ్యం గురించి చెప్పదు. పైగా ఈత మొత్తాన్ని కలిపి నమోదు చేస్తారు. డబ్బిస్తే మీ పిల్లకి ఉంటాయి, లేకపోతే లేవు అంటే నాకు అనుమానమే. పేపరు మీది మైక్రోచిప్ నంబరు, స్కానర్‌లో కనిపించే నంబరు ఒకటేనా అన్నది ఏదైనా క్లినిక్‌లో చూపించుకోవచ్చు.

జవాబు 2 (విజయవాడ నుంచి)

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నాకు పిల్లే రాలేదు. ఫోటో చూసి 3 వేలు అడ్వాన్స్ పంపాను, తర్వాత ట్రాన్స్‌పోర్ట్‌కని ఇంకో 2 వేలు, ఆ తర్వాత బోనుకని అడిగారు. అప్పుడు గానీ తెలివి రాలేదు. ముందే వీడియో కాల్ చేసి తల్లిని చూపించమని అడగాల్సింది. చూడకుండా రూపాయి కూడా పంపకండి.

జవాబు 3 (రాజమండ్రి నుంచి)

ఒక చిన్న మాట. అందరూ రిజిస్టర్డ్ కెన్నెల్ అంటారు గానీ, మా ఇంట్లో ఆడకుక్క ఒక్కసారే ఈనింది, ఐదు పిల్లల్ని తెలిసినవాళ్ళకే ఇచ్చాం. మాకే రిజిస్ట్రేషనూ లేదు. మేమూ బాధ్యత లేనివాళ్ళమేనా?

జవాబు 4 (సికింద్రాబాద్ నుంచి, మళ్ళీ)

కాదండీ, మీరు ఆ పిల్లలు ఎక్కడున్నాయో ఈరోజుకీ చెప్పగలరు కదా. కానీ డబ్బుకి అమ్మేటట్లయితే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలన్నది నియమం, అది ఇంట్లో పెంచేవాళ్ళకీ వర్తిస్తుంది. నంబరు ఉన్నంత మాత్రాన మంచివాళ్ళని నేనూ అనను. నంబరు ఉన్నా ఇంటికి వెళ్ళి చూడాల్సిందే. "ఏ కారణం చేతైనా మీరు పెంచలేకపోతే నాకే తిరిగివ్వండి" అని కాగితం మీద రాసిచ్చేవాళ్ళు దొరికితే నేను ఇంకేమీ ఆలోచించను.

జవాబు 5 (హన్మకొండ నుంచి)

ఆదివారం పాపని తీసుకుని అల్వాల్ వెళ్ళొచ్చాం. తల్లి హాల్లో ఫ్యాన్ కింద పడుకుని ఉంది, కడుపు బాగా పెద్దగా. మేం రాగానే లేచి వచ్చి పాప చెప్పులు వాసన చూసింది. ఇది రెండో ఈత, మొదటిది రెండేళ్ళ కిందట. అడగకముందే ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి చూపించారు, బోర్డు రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఉంది. తిరిగి తీసుకునే మాట ఒప్పందంలోనే ఉంది. అడ్వాన్స్ ఇస్తానంటే, పిల్లలు పుట్టి ఆరోగ్యంగా ఉన్నాయని తెలిశాక చూద్దాం అన్నారు. ఉప్పల్ ఆయనకి వద్దని చెప్పేశాను. ఆయన వెంటనే 7 వేలకి దిగాడు.

దసరా దాటిపోతుంది. పాపకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు గానీ, ఆ తల్లిని చూశాక ఒప్పుకుంది. కాలెండర్‌లో రోజులు కొట్టేయడం మొదలుపెట్టింది. అక్కా, ఈ లోపు మేం ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు 6 (సికింద్రాబాద్ నుంచి)

చాలా సంతోషం అన్నా. మీ ఇంట్లోని పాత దుప్పటి ముక్క ఒకటి పిల్లలు పుట్టిన ఆరో వారంలో ఆవిడకి ఇచ్చిరండి, తల్లి పడుకునే చోట వేయమనండి. తెచ్చుకునే రోజు దాన్నే పిల్ల పక్కన పెట్టండి, మొదటి రెండు రాత్రులు ఏడుపు తగ్గుతుంది. బస్సులో వద్దు, కారు మాట్లాడుకోండి. 16 వారాల వయసులో ఆఖరి టీకా పడేదాకా వీధిలో నేల మీద దింపకండి, ఎత్తుకుని తిప్పండి. పాపకి ఆ పని బాగా నచ్చుతుంది.