పాత మ్యూజికల్స్‌లో హీరోయిన్ సొంతంగా పాడకపోతే ఏం పోయింది?

పాతరీలు:
నిన్న 1964 నాటి ‘మై ఫెయిర్ లేడీ’ మళ్లీ చూశాను. తర్వాత 2012లో వచ్చిన ‘లే మిజరాబ్’ పెట్టి పది నిమిషాలకే ఆపేశాను. నటులు చెవిలో పియానో వింటూ సెట్లోనే లైవ్‌గా పాడారట. నాకైతే జలుబు చేసినవాళ్లు ఏడుస్తూ పాడినట్టుంది. మ్యూజికల్ అంటే ముందు పాట వినపడాలి. ఏడుపు తర్వాత.

మెట్లమీద_పిల్లి:
పది నిమిషాలు చూసి తీర్పా? అంటే ఆన్ హాతవే పాట దాకా వెళ్లనే లేదు. ఆ పాటలో గొంతు వణికిన చోటే నాకు కన్నీళ్లొచ్చాయి. మీ ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్బర్న్ పాటలు చాలావరకు పాడింది మార్నీ నిక్సన్. పెదాలు ఒకరివి, ఊపిరి ఇంకొకరిది.

పాతరీలు:
అయితే ఏమిటి? గుర్రం మీంచి దూకేది హీరో కాదని తెలిసినా ఎవరూ అడగరే! 1956లో ‘ద కింగ్ అండ్ ఐ’కి డెబొరా కెర్, 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి నటాలీ వుడ్, 1964లో హెప్బర్న్. ముగ్గురికీ మార్నీయే పాడారు, ఎవరికి వారే పాడినట్టుంటుంది. అదీ విద్య.

గడియారం:
‘లా లా లాండ్’ గురించి ఎవరైనా మాట్లాడతారా? మొదట్లో వచ్చే ఆ ట్రాఫిక్ పాట ఒక్కటి చాలు నాకు.

మెట్లమీద_పిల్లి:
దూకడం వేరు, పాడటం వేరు. మాటల్లో చెప్పలేనిదే అక్కడ పాటవుతుంది. సరిగ్గా అక్కడే మనిషిని మార్చేస్తే ఇంకేం మిగిలింది?

పాతరీలు:
శ్రుతి మిగిలింది.

సెకండ్‌షో:
1952 ‘సింగిన్ ఇన్ ద రెయిన్’లో తెర వెనక పాడిన అమ్మాయిని చివరికి జనానికి చూపిస్తారు. ఆ పాత్ర వేసిన డెబ్బీ రేనాల్డ్స్‌కి కొన్ని పాటలు పాడింది బెట్టీ నోయెస్. ఆమె పేరు టైటిల్స్‌లో లేదు.

పాతరీలు:
ఆ సినిమాని నెత్తిన పెట్టుకునేవాళ్లే నాతో గొడవకొస్తున్నారు! మీలో ఒక్కరికైనా తేడా తెలిసిందా?

మెట్లమీద_పిల్లి:
తెలియకపోవడమే నా బాధ! ఎనిమిదో తరగతిలో స్కూల్ ఫంక్షన్‌కి నన్ను తెర వెనక నిలబెట్టి పాడించారు. ముందు ఇంకో అమ్మాయి పెదాలు కదిపింది. బహుమతి ఆ అమ్మాయికే. ఎంత బాగా పాడిందో అని మా అమ్మ కూడా అంది. మీరు తేడా తెలిసిందా అంటుంటే నాకు ఆ మాటే వినిపిస్తోంది.

గడియారం:
అయ్యో.

పాతరీలు:
అది అన్యాయమే. కానీ అందులో పాట తప్పేముంది? మార్నీ పాటలు తక్కువని మాత్రం అనకండి.

మెట్లమీద_పిల్లి:
తక్కువని నేనెక్కడన్నాను? పైకెళ్లి చదవండి. మీరు చెప్పిన ఆ మూడు సినిమాల టైటిల్స్‌లోనూ ఆమె పేరు వేయలేదు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ రికార్డులకు స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ తన రాయల్టీలోంచి ఆమెకు కొంత వాటా ఇచ్చారు. నా గొడవంతా ఇదే.

పాతరీలు:
మరి ఇందాకటి నుంచీ ఊపిరి, కన్నీళ్లు అని ఎందుకన్నారు?

మెట్లమీద_పిల్లి:
మీరు జలుబన్నారు కనక!

పాతరీలు:
సరే, పేరు వేయాల్సింది. ఒప్పుకుంటాను. ఆ లైవ్ పాటలు వినడం మాత్రం నా వల్ల కాదు.

సెకండ్‌షో:
1965 ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో సిస్టర్ సోఫియాగా తెర మీద కనిపించేది మార్నీ నిక్సనే.

మెట్లమీద_పిల్లి:
ఇప్పుడే పెట్టి చూశాను. ముఖమూ ఆమెదే, గొంతూ ఆమెదే.

పాతరీలు:
ఏ సీన్‌లో? అన్నిసార్లు చూశాను, ఆమెను గమనించనే లేదు.