ఆక్సిజన్ 5 పీపీఎం ఉన్నా చేపలు పైకి తేలుతున్నాయి, ఉప్పు ఎంత వేయాలి?

2 ఎకరాల చెరువు, 5 అడుగుల నీరు, శీలావతి, బొచ్చె. నాలుగు రోజులుగా తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆక్సిజన్ తగ్గిందనుకుని రాత్రంతా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పాను. ఉదయం 5 గంటలకు మీటర్ 5.2 పీపీఎం చూపించింది, అయినా ఎండెక్కాక కూడా తేలుతూనే ఉన్నాయి! మేత ఆపాను, అరడుగు నీరు మార్చాను, లాభం లేదు.

నిన్న చచ్చిన చేప మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా లేదు, చాక్లెట్ రంగు. రక్తమూ అంతే. నీటి పరీక్ష కిట్‌లో నైట్రైట్ (చేపల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్లి నీటిలో చేరే విషపదార్థం) 2 పీపీఎం. నైట్రైట్ రక్తంలోకి చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదని, ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుందని తెలుసు. నాది బోరు నీరు, క్లోరైడ్ కొలవలేదు.

ఇలాంటి చెరువులో కల్లుప్పు వేసినవాళ్లు ఎకరాకు ఎన్ని కిలోలు వేశారు?