నాటకాల క్యాసెట్లకు చిన్న క్లౌడ్ సర్వర్: ఏ లినక్స్ పెట్టుకోవాలి?

తెనాలి_పద్యం
అందరికీ నమస్కారం. మా నాన్నగారి నాటక సమాజం పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లన్నీ డిజిటల్ చేయించాం, మొత్తం 140 గంటలు. క్లౌడ్‌లో 2 కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ తీసుకున్నాను. ఫైల్ ఎక్కించగానే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలు మార్చే ప్రోగ్రామ్) దాన్ని 720పీ, 480పీల్లోకి మార్చి, హెచ్‌ఎల్‌ఎస్ (నెట్‌లో స్ట్రీమ్ చేసే) ముక్కలు చేసి, కింద పద్యపాదాలు తెలుగులో వేయాలి, అంతే పని. ఇప్పుడున్నది డెబియన్ 12. బొమ్మ బాగానే వస్తోంది కానీ అక్షరాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. "కృష్ణ" అని రాస్తే ష కింద ఉండాల్సిన ణ ఒత్తు పక్కకొచ్చి నిండు ణ అయి కూర్చుంటోంది. రాయబారం సీన్ మొత్తం ఇలాగే ఉంటే నాన్నకి చూపించలేను. ఉబుంటు 24.04కి మారనా, డెబియన్ 13కా, ఆల్మా లినక్సా? ఆల్పైన్ తేలిక అంటున్నారు, అదా? ఒకసారి పెట్టాక మూడు నాలుగేళ్లు కదపకూడదు, నాకు ఆదివారాలు తప్ప టైమ్ దొరకదు.

ఓరుగల్లు_రూట్
తమ్ముడూ, పేరు చూసి ఎంచుకోకు, దాని రిపోజిటరీలో (ప్యాకేజీలు దొరికే చోట) ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏ వెర్షన్ ఉందో ముందు చూడు. ఉబుంటు 22.04లో 4.4, డెబియన్ 12లో 5.1, ఉబుంటు 24.04లో 6.1, డెబియన్ 13లో 7.1. నువ్వు వాడుతున్నది వీడియో మీద అక్షరాలు రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్ అయి ఉంటుంది. దానికి హార్ఫ్‌బజ్ (అక్షరాలను లిపి ప్రకారం పేర్చే) లైబ్రరీ కలిసింది 6.1 నుంచే. అంతకు ముందు ఒత్తులూ గుణింతాలూ ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియదు, ఉన్న అక్షరాలన్నీ వరసగా పేర్చేస్తుంది. అంటే 6.1 లేదా ఆపైది ఉన్న ఏ డిస్ట్రో (లినక్స్ రకం) అయినా నీ ఒత్తు దాని చోటికి వెళ్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, నేనైతే అదే వాడతాను: పాదాలన్నీ ఏఎస్ఎస్ సబ్‌టైటిల్ ఫైల్‌లో రాసి సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో వేయి. దాని వెనకున్న లిబాస్ అనే లైబ్రరీ హార్ఫ్‌బజ్‌ని ఎప్పటి నుంచో వాడుతోంది కాబట్టి పాత వెర్షన్‌లోనూ తెలుగు సరిగ్గానే వస్తుంది. ఏ పాదం ఎన్నో సెకనుకి రావాలో అందులోనే రాసుకోవచ్చు, రాగం తీసేచోట పాదాన్ని ఎక్కువసేపు నిలపొచ్చు. సర్వర్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ ఉండదు, అది మటుకు విడిగా పెట్టుకోవాలి, లేకపోతే ఒత్తుల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

రాత్రి_పాళి
ఆల్మా గురించి నేను చెప్తాను, మా ఆఫీసులో అన్నీ అవే. అంతకుముందు వాడిన సెంట్ఓఎస్ 8 అనే లినక్స్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి పెట్టుకున్నాం. 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది, 2021 డిసెంబర్ 31తో ఆగిపోయింది. అప్పుడు ఆల్మాకి మారాం, ఇప్పటిదాకా ఒక్క ఇబ్బంది లేదు, పదేళ్ల సపోర్ట్ కూడా ఉంది. కానీ వీడియో పనికి నేను చెప్పను. పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావాలంటే ఈపీఈఎల్ అనే అదనపు రిపోజిటరీ పెట్టి, దాని మీద ఇంకో రిపోజిటరీ ఆర్‌పీఎం ఫ్యూజన్ పెట్టాలి. నీ మొత్తం పని ఆధారపడే ప్యాకేజీయే బయటి రిపోజిటరీ నుంచి రావడం నాకు నచ్చదు.

ఫ్రిస్కో_నుంచి
ఆల్పైన్ చిన్నదే, నిజం. నేనూ కంటైనర్లలో వాడతాను, ఒట్టి ఎన్‌కోడింగ్ అయితే నడుస్తుంది. అది గ్లిబ్‌సీ (మామూలు లినక్స్‌ల మూల లైబ్రరీ) బదులు మసల్ అనే చిన్న లైబ్రరీ మీద నడుస్తుంది, చిక్కు అక్కడే. రేపు పద్యాలు వినిపించి వాటంతటవే టెక్స్ట్‌గా రాయించాలనుకుంటే పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) కావాలి, మసల్‌కి దాని రెడీ బిల్డ్‌లు రావు. నేను రెండు వీకెండ్లు దాని మీద పెట్టి చివరికి డెబియన్ ఇమేజ్‌కి వచ్చేశాను.

తెనాలి_పద్యం
చాలా థాంక్స్ అన్నా, ఏఎస్ఎస్ దారి పట్టుకున్నాను, "కృష్ణ" కుదురుకున్నాడు! ఇక ఉబుంటు 24.04, డెబియన్ 13 రెండే మిగిలాయి. ఈ రెంటిలో ఏది?

ఓరుగల్లు_రూట్
నా ఓటు డెబియన్ 13కి. రెండిటికీ ఐదేళ్లే, డెబియన్‌లో 3 ఏళ్లు మామూలు సపోర్ట్, తర్వాత 2 ఏళ్లు పొడిగించిన సపోర్ట్ అయిన ఎల్‌టీఎస్. తేడా ఏంటంటే ఉబుంటులో ఎఫ్ఎఫ్ఎంపెగ్ యూనివర్స్ (కమ్యూనిటీ చూసుకునే) విభాగంలో ఉంటుంది, దాని సెక్యూరిటీ ప్యాచ్‌లు వరసగా కావాలంటే ఉబుంటు ప్రో అనే సపోర్ట్ చందా కలపాలి (సొంతానికి 5 మెషీన్ల దాకా ఉచితమే, కలపడం మర్చిపోకు). డెబియన్‌లో మెయిన్‌లోనే ఉంటుంది. బయటివాళ్లు ఎక్కించే వీడియోలు తీసుకునే సర్వర్‌కి ఇది చిన్న విషయం కాదు.

గోదారి_గట్టు
డెబియన్ 13 పెట్టేముందు ఇది చదువు, నేను ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. 12 నుంచి 13కి అప్‌గ్రేడ్ చేశాను, రీబూట్ అయ్యాక 3 జీబీ ఫైల్ ఇస్తే సగంలో "డిస్క్‌లో చోటు లేదు" అని ఎర్రర్. చూస్తే డిస్క్ సగం పైగా ఖాళీ. విషయం ఏంటంటే 13 నుంచి /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల) డైరెక్టరీ మామూలుగా ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా. నీ 4 జీబీ మెషీన్‌లో అది 2 జీబీ. నా స్క్రిప్ట్ మధ్య ఫైళ్లన్నీ అక్కడే రాస్తోంది, అంటే చోటూ లేదు, ఎన్‌కోడింగ్‌కి ఉండాల్సిన ర్యామ్ కూడా అదే తింటోంది. రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగా రాశారు, చదవకపోవడం నాదే తప్పు. పని ఫైళ్లకి డిస్క్ మీద సొంత ఫోల్డర్ పెట్టుకో, లేదా టీఎంపీ డాట్ మౌంట్‌ని మాస్క్ చేసి (అంటే /టీఎంపీని ర్యామ్‌లో పెట్టే సెట్టింగ్‌ని ఆపేసి) రీబూట్ చెయ్యి. నేను మొదటిది చేశాను, ఎందుకంటే /టీఎంపీలో పాత ఫైళ్లు ఎప్పుడో ఒకప్పుడు వాటంతటవే తుడుచుకుపోతాయి.

స్వాప్ ఫైల్ (ర్యామ్ నిండితే వాడే డిస్క్ చోటు) 2 జీబీ అయినా పెట్టు. ఒకసారికి ఒక్క వీడియోనే క్యూలోంచి తీసుకునేలా పెట్టు, రెండు పడితే ర్యామ్ అయిపోతే ప్రోగ్రామ్‌లను ఆపేసే ఓఓఎం కిల్లర్ వచ్చి ఎన్‌కోడింగ్‌నే చంపేస్తుంది.

రాత్రి_పాళి
ఇంకొకటి, ఎవరూ అడగలేదు కానీ. వీహెచ్‌ఎస్‌ని 720పీ ఎందుకు చేస్తున్నారు? మన దగ్గర పాల్ (PAL) టీవీ పద్ధతి కదా, 576 గీతలు, అందులోనూ టేప్ మీద వివరం ఇంకా తక్కువ. లేని గీతలు సర్వర్ ఎక్కడి నుంచి తెస్తుంది? 576 దగ్గరే ఉంచండి. ముందు బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో డీఇంటర్‌లేస్ (ఒకటి విడిచి ఒకటి వచ్చే గీతలను నిండు ఫ్రేములుగా మార్చడం) చేయండి, అది చేయకపోతే గద తిప్పినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. ఆ ఫిల్టర్ సెకనుకి ఫ్రేములు 25 నుంచి 50 చేస్తుంది, పద్య నాటకంలో చేతుల కదలిక చాలా హాయిగా ఉంటుంది. ఫ్రేములు రెట్టింపైతే మీ 2 కోర్ల మీద భారం పెరుగుతుంది, 720పీ మానుకుంటే అందులో కొంత తగ్గుతుంది. 576, ఇంకో చిన్న సైజు రెండూ ఒకే కమాండ్‌లో తీయండి, ఫైల్‌ని ఒక్కసారే డీకోడ్ చేస్తుంది.

తెనాలి_పద్యం
అప్‌డేట్: డెబియన్ 13 కొత్తగా పెట్టాను, పని ఫోల్డర్ డిస్క్ మీదే. 576, 50 ఫ్రేములు, సీఆర్‌ఎఫ్ (నాణ్యత సెట్టింగ్) 20. మొదటి మూడు క్యాసెట్లు అయిపోయాయి, నాన్న రాయబారం రెండుసార్లు చూశారు. ఆయన అన్నది ఒకటే, అక్షరాలు సన్నగా ఉన్నాయి, మా వయసు వాళ్లకి ఆనవు అని. ఇప్పుడు పెట్టిన నోటో ఫాంట్ కాకుండా ఇంకేదైనా ఉందా?

ఓరుగల్లు_రూట్
ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అని ప్యాకేజీ ఉంది, అందులో పోతన, వేమన వస్తాయి. వేమన పెట్టి చూడు. ఏఎస్ఎస్ స్టైల్‌లో బోల్డ్ ఆన్ చేసి నల్ల అంచు 3 ఇవ్వు, తెల్ల పంచెల మీద పడ్డా కనిపిస్తుంది.